లాల్‌బీకి పాలు వచ్చాయా?

కోట,
12-11-1962

మెహబూబున్నీసాకు వదిన షాజాదీ బేగం చెప్పే దువా.

మద్రాసు నర్సమ్మవయ్యాక మా కోట గుర్తుందో లేదో! ఊళ్ళో వాళ్ళందరికీ సూదులు పొడుస్తున్నావు సరే, సొంత అక్క ఎట్లా ఉందని ఒక్క కార్డు ముక్క రాయడానికి చెయ్యి రాలేదా పిల్లా? నేను చదివింది అయిదో క్లాసు. అయినా ఉత్తరాల్లో నీకన్నా నేనే నయం.

తిట్లు తరువాత. ముందు సంగతి విను. మీ అక్క లాల్‌బీ నాకు బాగా కనిపించడం లేదు. మొన్న మా తమ్ముడు మదార్ ఇంటికి వెళ్ళాను. లాల్‌బీ రెండు దుప్పట్లు కప్పుకుని పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మీద కూర మాడి వాసన వీధిలోకి వస్తోంది. ఆమెకు మాత్రం తెలియడం లేదు. "ఏందే లాల్‌బీ, కూర మాడతా ఉండాది కదా!" అంటే నా వైపు తల తిప్పడానికే ఎంతో సేపు పట్టింది. "చలి వదినా" అంది. వాన ముసురే గాని మన సముద్రపు ఊళ్ళలో చలి ఎక్కడిది? చెయ్యి పట్టుకుంటే మాత్రం కుండలో నీళ్ళలా చల్లగా ఉంది.

ముఖం ఉబ్బి సున్నం రాసినట్టు తెల్లబడింది. కనుబొమలు సగం రాలిపోయాయి. గొంతు బొంగురుపోయింది. ఇది ఇవాళ్టిది కాదు, ఏళ్ళుగా కొంచెం కొంచెంగా వస్తున్నదే. ఈ ఏడు మరీ ముదిరింది. మీ బావ మదార్ పొద్దున వలనూలు మూటలు సైకిలు మీద వేసుకుని సముద్రం ఒడ్డున పట్టపు జాలర్ల పాలేలకు పోతే మళ్ళీ సాయంత్రమే రావడం. వచ్చేసరికి ఇల్లు ఊడ్చి ఉండదు. "దీనికి సోమరితనం ముదిరింది" అంటాడు. ఎవరో చెబితే దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టించాడు. తాయెత్తు ఉంది, రోగమూ ఉంది.

రంజాన్ పండగ వెళ్ళాక మా అమ్మాయి జైబున్నీసాకూ మీ అక్క కొడుకు నాగుల్ మీరాకూ నిఖా చేద్దామని మీ బావా, మా ఆయన దరియావలీ అనుకుంటున్నారు. మా జైబూ ఆ ఇంటికి కోడలిగా పోయేసరికి అత్త కాళ్ళ మీద నిలబడి ఉండాలి కదా. మీ పెద్ద డాక్టర్లను అడిగి ఏమి చెయ్యాలో రాయి.

నీ వదిన
షాజాదీ


మద్రాసు,
19-11-1962

వదినగారికి మెహబూబ్ సలాములు.

మీ తిట్లన్నీ తిన్నాను. కడుపు నిండింది. అక్క సంగతి చదివాక మాత్రం అన్నం సహించలేదు. చైనా యుద్ధమని నర్సులకు సెలవులన్నీ ఆపేశారు. లేకపోతే ఈపాటికి గూడూరు బండి ఎక్కేదాన్ని.

మా డాక్టర్ జీవానందం గారికి మీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మన ఒంట్లో కొన్ని గ్రంథులు ఉంటాయి వదినా. వాటికి గొట్టం ఉండదు, అవి తయారుచేసిన రసాన్ని నేరుగా నెత్తుట్లోకి వదిలేస్తాయి. దాన్ని హార్మోను అంటారు. ఇంతంటే ఇంతే ఉంటుంది గాని ఒంటి వేడి, ఆకలి, బలం, నిద్ర, ఆడవాళ్ళ నెలసరి అన్నీ దాని చేతిలోనే. మెడలో ఉండేది థైరాయిడ్ గ్రంథి. ఒంట్లో పొయ్యి మంట ఎగదోసేది అదే. అది మందగిస్తే మనిషి అక్కలాగే చల్లబడిపోతుందట.

అయితే ఆయన తొందరపడలేదు. కొన్ని ప్రశ్నలు అడిగారు, మీరు సరిగ్గా చూసి రాయాలి. అక్కకు నెలసరి సరిగా వస్తోందా? మీరా పుట్టినప్పుడు కాన్పు కష్టమైందా, రక్తం బాగా పోయిందా? ఆ తరువాత అక్కకు పాలు వచ్చాయా? ఈ పాల సంగతి ఇరవై ఏళ్ళ కిందటిదైనా సరే, తప్పకుండా కనుక్కోమన్నారు. ఎందుకో నాకూ తెలియదు. నేనప్పుడు చిన్నపిల్లను. కాన్పు మీ అమ్మగారి చేతుల మీదుగా మీ ఇంట్లోనే జరిగింది కాబట్టి మీకన్నా తెలిసిన వాళ్ళు లేరు.

మీ
మెహబూబ్


కోట,
27-11-1962

మెహబూబ్‌కు దువా.

మీ డాక్టరుకు పెళ్ళాం పిల్లలు ఉన్నారా? ఉంటే ఇలాంటి ప్రశ్నలు అడుగుతాడా? సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను.

నెలసరి సంగతి నేను అడగను, ఆమె చెప్పదు. కాన్పంటావా, మామూలు కాన్పే. రక్తం పోకుండా ఎవరికైనా కాన్పు అవుతుందా? పాలకేం, అందరికీ వచ్చినట్టే వచ్చాయి. పిల్లవాడు దిట్టంగా పెరిగాడు. వాణ్ణి చూస్తే తెలియడం లేదా? పాలేల్లో పట్టపోళ్ళతో సమానంగా పడవలు లాగుతాడు.

అవన్నీ పాత సంగతులు. ఇప్పుడు చలికి మందేమిటో అది చూడండి. జైబూకు నెల్లూరు నుంచి పట్టుచీర తెప్పించాము. ముదురు ఆకుపచ్చ. అది కట్టుకుని అద్దం ముందు నిలబడి, నేను చూస్తున్నానని తెలిసి గబగబా విప్పేసింది. మీరా మా ఇంటి ముందు సైకిలు గంట కొట్టనిదే పోడు. దారిలో అడ్డమొచ్చే మేకా లేదు, మనిషీ లేడు. మరి ఆ గంట ఎవరికోసమో!

మందు త్వరగా రాయించు.

షాజాదీ


మద్రాసు,
6-12-1962

వదినగారికి,

మీ జవాబు డాక్టరు గారికి వినిపించాను. పాలు బాగానే వచ్చాయంటే ఆయన మనసులో ఉన్న ఒక అనుమానం తొలగిపోయిందట. "అయితే మెడలో గ్రంథి మాత్రమే మందగించింది, భయం లేదు" అన్నారు. గూడూరులో ఒక డాక్టరుకు ఉత్తరం రాసి ఇచ్చారు. దీనితోపాటు పంపుతున్నాను. బావను వెంటబెట్టుకుని అక్కను అక్కడికి తీసుకుపోండి. థైరాయిడ్ మాత్రలు ఇస్తారు. మూగజీవాల గ్రంథి ఎండబెట్టి పొడి చేసి కట్టిన మాత్రలవి. హలాలో హరామో అని బావ మొదలుపెడితే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మందుకు ఆ పట్టింపు లేదని మీరే చెప్పండి.

కొన్నాళ్ళలో అక్క దుప్పట్లు విసిరేస్తుంది చూడండి. ఇన్నేళ్ళు అందరం ఆమెను మందమతి అనుకున్నాము. తలుచుకుంటే సిగ్గుగా ఉంది. పెళ్ళికి ఎట్లాగైనా వస్తాను. ఆకుపచ్చ చీర చూడాలని ఉంది.

మెహబూబ్


కోట,
17-1-1963

మెహబూబ్,

ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి.

మాత్రలు మొదలుపెట్టిన కొత్తల్లో నువ్వు చెప్పినట్టే అయింది. లాల్‌బీ లేచి వాకిలి ఊడ్చింది. మీ బావ మా ఇంటికి వచ్చి మరీ చెప్పిపోయాడు. ఆ సంతోషం నిలవలేదు. ఇప్పుడు తిన్నదేదీ లోపల ఉండడం లేదు. గంజి కూడా వాంతే. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. నిన్న బావి దగ్గర చేద పట్టుకునే పడిపోయింది. చేపలమ్మే పేరమ్మ గంప దించి పట్టుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే బావిలోనే. గుండె మాత్రం దడదడ కొట్టుకుంటోంది, చెయ్యి పెడితే నాకే భయమేసింది.

మందు వేడి చేసిందని మజ్జిగ తాగించాము. తగ్గలేదు. మీ బావ గూడూరు పోయి డాక్టరుకు చెప్పాడు. ఆయన, రోగం ఎక్కువగా ఉంది, మాత్ర చాలడం లేదు, రెండు వెయ్యండి అన్నాడు. మీ బావ రెండు వేస్తున్నాడు. వేసిన రోజు నుంచీ ఇంకా నీరసం. రంజాన్ నెల వస్తోంది. రోజా ఉంటానని ఆమె ఒకటే పట్టు. "ఈ ఏడు కూడా ఉండకపోతే అల్లాకు ఏమని జెప్పేది వదినా" అంటుంది. మాట పూర్తి చేయడానికే ఓపిక లేదు, రోజా ఉంటుందట!

నాకేమీ పాలుపోవడం లేదు.

షాజాదీ


టెలిగ్రాము
మద్రాసు, 21-1-1963

మాత్రలు వెంటనే ఆపండి. ఉత్తరం వస్తోంది.
మెహబూబున్నీసా


మద్రాసు,
21-1-1963

వదినా,

టెలిగ్రాము అంది ఉంటుంది. మీ ఉత్తరం వినగానే డాక్టరు గారి ముఖం మారిపోయింది. నేను ఆయన దగ్గర ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నాను, అట్లా ఎప్పుడూ చూడలేదు. "పాలు వచ్చాయని ఎవరు చెప్పారు?" అని అడిగారు.

ఆయన ఆ ప్రశ్న ఎందుకు అడిగారో ఇప్పుడు చెప్పారు. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటి ఉంది వదినా. పిట్యూటరీ అంటారు. అది ఇంట్లో అత్తగారి లాంటిది. తను పని చేయదు, అందరి చేతా చేయిస్తుంది. మెడలో గ్రంథికి పని చెప్పేది అదే. మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు గ్రంథులు ఉంటాయి, వాటికి చెప్పేదీ అదే. నెలసరికి, రొమ్ములో పాలకు, అన్నింటికీ హుకుం అక్కడి నుంచే రావాలి. కడుపుతో ఉన్నప్పుడు అది ఉబ్బి ఉంటుంది. కాన్పులో రక్తం కుండలకొద్దీ పోతే దానికి నెత్తురు అందక చచ్చిపోతుంది. అట్లా చచ్చిపోయిందనడానికి మొట్టమొదటి గుర్తు, తల్లికి పాలు రాకపోవడం. తరువాత నెలసరి రాదు. ఆ తరువాత ఏళ్ళ మీద ఒక్కొక్కటే ఆరిపోతుంది.

అక్కది ఆ జబ్బే అయితే మెడ గ్రంథితోపాటు మూత్రపిండాల మీద గ్రంథులూ పడకేసి ఉంటాయి. ఒంటికి దెబ్బ తగిలినా, జ్వరం వచ్చినా తట్టుకునే బలం వాటి రసంలోనే ఉంది. అది లేని మనిషికి థైరాయిడ్ మాత్రలు వేయడమంటే మేత లేని ఎద్దును ములుగర్రతో పొడిచి బండి లాగించడమే. పడిపోతుంది. ముందు కార్టిజోన్ అనే మందు పడాలి, ఆ తరువాతే థైరాయిడ్ మాత్ర. అయితే ఆ గ్రంథులు క్షయ వల్ల చెడినా ఇట్లాగే ఉంటుందట. క్షయ ఉన్న మనిషికి కార్టిజోన్ ఒక్కటే ఇస్తే ఎదురు తిరుగుతుంది. అందుకని ఊరికే పంపలేనన్నారు. మళ్ళీ అదే ప్రశ్న అడగమన్నారు.

నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. బిడ్డను చూడడానికి మా అమ్మతో కలిసి నేను కోట వచ్చాను. అక్క లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. మీరా ఏడిస్తే మీ అమ్మగారు వాణ్ణి ఎత్తుకుని అక్క గదిలోకి కాదు, మీ గదిలోకి పోయేవారు. తలుపు మూసేవారు. తలుపు తీసేసరికి వాడు నిద్రపోయి ఉండేవాడు. అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు రోజూ కాన్పుల వార్డులో తిరుగుతున్నాను.

మీరా ఎవరి పాలు తాగాడు వదినా?

మెహబూబ్


కోట,
26-1-1963

మెహబూబున్నీసాకు,

నిన్ను ఎత్తుకుని పెంచాను, జడ వేశాను. నన్ను ఈ మాట అడగడానికి నీకు నోరెట్లా వచ్చింది?

అడిగావు. అయితే విను. ఆ నెలలోనే పుట్టింట్లో నాకు తొలి కాన్పు. ఆడపిల్ల. నెల తిరగకుండానే పోయింది. నాకు పాలు గడ్డకట్టి జ్వరం. పక్క గదిలో లాల్‌బీ బిడ్డ ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. లాల్‌బీ కాన్పులో పరుపు తడిసి నేల తడిసింది, మంత్రసాని గురవమ్మ బూడిద పోసి ఎత్తింది. ఆమె బతకడమే గొప్ప. రొమ్ములు బట్టలాగా ఉన్నాయి, చుక్క లేదు. మా అమ్మ వాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "బిడ్డ చచ్చినదాని పాలు తాపినారని ఊరు కూస్తుంది. కోడలు వట్టిపోయిందని కూస్తుంది. ఇది మన ముగ్గురి మధ్యే ఉండాలి" అంది. ఒకసారి, రెండుసార్లు కాదు, వాడికి పళ్ళు వచ్చేదాకా. నువ్వు ఏమైనా అనుకో, ఆ బిడ్డ నోరు పట్టాకే నా జ్వరం దిగింది.

ఇక మిగతాది నీకు తెలియదా? ఒక తల్లి పాలు తాగిన వాళ్ళు మన దీనులో తోబుట్టువులు. నా కడుపున తరువాత పుట్టినా జైబూ వాడికి చెల్లెలే. వాళ్ళకు నిఖా చెల్లదు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మీ బావా, మా ఆయనా వేళాకోళంగా మాట అనుకున్నారు. లాల్‌బీ నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను. ఆమె చెబుతుందని నేను, నేను చెబుతానని ఆమె. వేళాకోళం ముదిరి పెళ్ళి అయి కూర్చుంది. ఖాజీకి కబురు పోయింది, చీర వచ్చింది. పెదవి దాటితే పృథివి దాటుతుంది. రాత్రింబగళ్ళు ఇదే గుబులు, అల్లా ముందు ఏమని నిలబడతానని ఒకటి, బిడ్డ ముందు ఏమని నిలబడతానని ఒకటి.

లాల్‌బీకి నీ ఉత్తరం చదివి వినిపించాను. నా చెయ్యి పట్టుకుంది. ఐసు ముక్కలాంటి చెయ్యి. "రాయబాక వదినా. నేను పోతే పోతా. నా కొడుకు సైకిలు గంట ఆగిపోకూడదు" అని నా చేత ఒట్టు వేయించుకుంది.

నీ టెలిగ్రాము మీ బావకు చూపించాను. "ముందర నిలబడి నాడి చూసిన డాక్టరు మాట వినాలా, మద్రాసులో ఉండి కబుర్లు పంపే నర్సు మాట వినాలా?" అన్నాడు. మాత్రలు ఆపలేదు. తానే దగ్గర కూర్చుని మింగిస్తున్నాడు. పాపం, వాడి ప్రేమ వాడిది.

నేను నీకేమీ రాయలేదు. ఈ కాగితం చించేసెయ్. ఆ రెండో మందు మాత్రం పంపు.

షాజాదీ


మద్రాసు,
30-1-1963

వదినా,

కాగితం చించేశాను. డాక్టరు గారికి ఒక్కరికే చెప్పాను. ఆయన గూడూరు డాక్టరుకు వెంటనే రాశారు. కార్టిజోన్ ఇక్కడ సిద్ధంగా పెట్టించాను. పోస్టులో పంపితే లాభం లేదు. తాగిన నీళ్ళే నిలవని మనిషి లోపల మాత్ర ఎట్లా నిలుస్తుంది? సూది వెయ్యాలి, నరానికి ఉప్పునీళ్ళు ఎక్కించాలి. గూడూరు ఆసుపత్రికి చేర్చాలి. బావ చేత ఆ మాత్రలు ఆపించాలి.

బావ నా మాట వినడు. డాక్టరు మాటకు ఎదురు చెప్పాలంటే ఆయనకు కారణం కావాలి. ఆ కారణం ఒక్కటే, అది మీ నోట్లో ఉంది. నేను రాస్తే, పెళ్ళి చెడగొట్టడానికి మరదలు కల్పించిందంటాడు. పాలు తాపిన తల్లి చెబితేనే ఆ మాట నిలుస్తుంది.

ఇట్లా పోయిన వాళ్ళను నేను చూశాను. ఎక్కువ బాధ కూడా పడరు. ఒక పొద్దున పిలిస్తే పలకరు, అంతే. మీకేమి పోతుందో నాకు తెలుసు. జైబూను నేనూ ఎత్తుకున్నాను. ఒక పక్క సంబంధం ఉంది, ఒక పక్క మా అక్క ఉంది. మీకు చెప్పేటంతటి దాన్ని కాదు. మా అక్కను నాకివ్వండి.

మెహబూబ్


గూడూరు, ఆసుపత్రి వరండా,
4-2-1963

మెహబూబ్,

ఈ ఉత్తరం తెచ్చేది నాగుల్ మీరా. చదువుతూ నిలబడకు. ముందు మందు వాడి చేతికివ్వు.

నిన్న తెల్లవారుజామున సహరీ తిండికి లేపితే లాల్‌బీ లేవలేదు. పిలిస్తే కన్ను తెరుస్తుంది, ఎవరో పోల్చుకోదు. నాలుక బిగదీసింది. తమ్ముడు మదార్ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, గ్లాసులో మాత్రలు కరగదీసి, చెంచాతో నోట్లో పోయబోతున్నాడు. నాకు ఏమయిందో తెలియదు. ఆ గ్లాసు మీద కొట్టాను. అది పోయి గోడకు తగిలింది.

"అక్కా, నీకేమన్నా పిచ్చి బట్టిందా?" అన్నాడు.

చెప్పేశాను. అందరూ ఉన్నారు. మా ఆయన ఉన్నాడు, మీరా ఉన్నాడు. జైబూ నీళ్ళ చెంబు పట్టుకుని గడపలో నిలబడి ఉంది. "లాల్‌బీకి పాలు రాలా. మీరాకు పాలిచ్చింది నేను. అది ఆ దినమే సగం చచ్చిపోయింది, నువ్వు మిగతా సగం చంపతా ఉండావు" అన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడింది. జైబూ చెంబు కింద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. మొదట కదిలింది మీరా. పోయి బండి కట్టించాడు.

ఇక్కడి డాక్టరు మీ జీవానందం గారి ఉత్తరం చదివి అప్పటికే మా కోసం చూస్తున్నాడట. పాల సంగతి నా నోటా వినగానే తల పట్టుకున్నాడు. మాత్రలు ఆపించి ఉప్పునీళ్ళు ఎక్కిస్తున్నాడు. సూదిమందు ఇక్కడ ఒక్కటే దొరికింది, వేశాడు. మిగతాది మద్రాసు నుంచే రావాలి. రేపు పొద్దునకల్లా రాకపోతే చెప్పలేనన్నాడు.

మీరా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వాణ్ణి నువ్వేమీ అడగకు.

షాజాదీ


మద్రాసు,
4-2-1963

వదినా,

మీరా చేతికి సూదిమందు పెట్టె ఇచ్చాను. ఎండ తగలకుండా తడిగుడ్డ చుట్టాను. సూదులు ఎప్పుడెప్పుడు వెయ్యాలో జీవానందం గారు లోపల కాగితం పెట్టారు. తెలివి వచ్చి, మింగగలిగితే అప్పుడు కార్టిజోన్ మాత్రలు. థైరాయిడ్ మాట ఇప్పుడు ఎవరూ ఎత్తవద్దు. ఒకటి మాత్రం మనసులో రాసి పెట్టుకోండి. ఈ కార్టిజోన్ మాత్రలు ఇక బతికినంత కాలం ఒక్క రోజు కూడా మానకూడదు. జ్వరం వస్తే రెట్టింపు వెయ్యాలి. అక్క ఒంట్లో ఆ గ్రంథి చేయాల్సిన పని ఇక మన చేతులే చేయాలి.

మీరాను నేనేమీ అడగలేదు. రైల్లో వచ్చినా వాడు రోజా విడవలేదు. బండి వేళ వరకు ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాడు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక నీళ్ళూ రొట్టే తెచ్చి ఇచ్చాను. రొట్టె చేతిలో పట్టుకుని చాలాసేపు తినలేదు. "చిన్నమ్మా, జైబూ రోజా విప్పి ఏమన్నా తినిందో లేదో" అన్నాడు. అంతే. నాకు తెలియదన్నాను.

బండి వచ్చే వేళయింది.

మెహబూబ్


కోట,
20-3-1963

మెహబూబ్‌కు వదిన దువా.

ఇన్నాళ్ళు కార్డు ముక్కలతో సరిపెట్టాను. లాల్‌బీ బతికింది, మాత్రలు వేస్తున్నాము, అందరం క్షేమం అని. ఇవాళ కూర్చుని అసలు సంగతి రాస్తున్నాను.

పండగ పండగలా జరగలేదు. ఆకుపచ్చ చీర పెట్టెలో ఉంది. జైబూ అన్ని పనులూ చేస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది, తనంతట తాను ఒక్క మాట మాట్లాడదు. నిన్న తల దువ్వబోతే దువ్వెన నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. మీరా పాలేల దారి మార్చుకున్నాడు. మా వీధిలోకే రాడు. మా ఆయన నాకు ఎదురుపడితే పక్కకు తప్పుకుంటున్నాడు. మదార్ ఒక్కడే వచ్చి, "అక్కా, ఆ గ్లాసు ఎగరగొట్టకపోతే నా చేతులతో నేనే..." అని ఆ మాట పూర్తిచేయలేక ఏడ్చి పోయాడు.

లాల్‌బీ సంగతి. ముందు చేతులు వెచ్చబడ్డాయి. తరువాత ఆకలి. దుప్పట్లు ఉతికి దండెం మీద ఆరవేసింది. మీ డాక్టరు రాసినట్టు థైరాయిడ్ మాత్ర చిన్న ముక్కతో మళ్ళీ మొదలుపెట్టాక ముఖంలో ఉబ్బు దిగింది. మనిషి ఒక్కొక్క మెట్టే ఎక్కి పైకి వస్తోంది. నేను చూడడానికి పోతే మాత్రం గోడ వైపు తిరిగి పడుకునేది. నీరసమనుకున్నాను.

మొన్న శుక్రవారం తనే నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఎంత సంబరపడ్డానో, పీట వేయడానికి లేచాను. వాకిట్లోనే నిలబడిపోయింది. మొదలుపెట్టింది చూడు!

"నువ్వు నాకు ఒట్టేసినావు. రాయనని, జెప్పనని ఒట్టేసినావు. నా కొడుకు ముఖం చూసినావా? అన్నం ముందర కూర్చోని లేచిపోతా ఉండాడు. నేను పోతానని జెప్పలా నీకు? నన్ను బతికియ్యమని నిన్నెవురు అడిగినారు? పాలిచ్చిన పుణ్యానికి నా బిడ్డ బతుకంతా నీదేనా?"

వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. పేరమ్మ గంప దించి నోరు తెరిచి చూస్తోంది. మెహబూబ్, ఈ ఇరవై ఏళ్ళలో లాల్‌బీ నాతో ఒక్కసారి గొంతు ఎత్తింది లేదు. మా అమ్మ ఎన్ని మాటలన్నా తల వంచుకునేది. ఎంత సాధువో అనుకునేవాళ్ళం. సాధువు కాదు, కోపం తెచ్చుకోవడానికి ఒంట్లో ఓపిక లేకపోయింది. ఇప్పుడు బుగ్గలు ఎర్రబడ్డాయి, మెడ నరాలు పొంగాయి, చెయ్యి ఊపుతూ నా మీదికి వస్తోంది. నేను ఏడుస్తున్నాను. సిగ్గుతో ఏడుస్తున్నానని ఆమె అనుకుంది. అదీ ఉంది. కానీ మెహబూబ్, ఆ గొంతు వింటుంటే నాకు ఎంత ఆనందమైందో ఎవరికి చెప్పుకునేది? ఆమె అన్న ప్రతి మాటా నిజమే. అయినా ఇంకా అనాలని, అలిసిపోకుండా అనాలని నాకు అనిపించింది.

ఒక్క రోజు కూడా మానకూడదన్నావు కాబట్టి మాత్రలు నేనే పోయి వేసి వస్తున్నాను. ఆమె మానేస్తుందేమోనని భయం. తలుపు తీస్తుంది, నా ముఖం చూడకుండా చెయ్యి చాస్తుంది, మింగుతుంది, గ్లాసు కింద పెడుతుంది, మళ్ళీ మొదలుపెడుతుంది. ఇవాళ నిన్నటికన్నా ఎక్కువసేపు తిట్టింది. సీసాలో మాత్రలు అడుగుకు వచ్చాయి. ఆలస్యం చేయకుండా పంపు.

నీ వదిన
షాజాదీ